పడలేదు, దిగింది

మా పక్కింటి పీర్ సాహెబ్ గారి దగ్గర ఏదీ పడదు. దిగుతుంది, అంతే.

కొబ్బరిమట్ట ఊడి ఆయన స్కూటర్ సీటు చీల్చేస్తే "మట్ట దిగింది" అన్నారు. చేతిలోంచి గాజుగ్లాసు జారి నలభై ముక్కలైతే "గ్లాసు దిగింది, సెప్పులేసుకోండి" అన్నారు. వాన దిగింది. పిడుగు దిగింది. నా ముందుపన్ను ఒకటి ఊడిపడిందని నేను దిగులుగా చెప్పుకుంటే, నా నోరు తెరిపించి టార్చిలైటు వేసి చూసి, "బాగా దిగింది మాస్టారూ, ముక్క కూడా మిగల్లేదు" అని మెచ్చుకున్నారు.

నేను ముప్పై రెండేళ్లు తెలుగు మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి. బీపీ కూడా ఉంది. 'పడు' అనే క్రియ లేకుండా తెలుగు మాట్లాడటమంటే ఉప్పు లేకుండా ఊరగాయ పెట్టడమే. ఒకరోజు తట్టుకోలేక నిలదీశాను.

"సాయిబు గారూ, మిమ్మల్ని చూసి సంబరపడ్డాను అనాలంటే ఏమంటారు?"

"సంబరం దిగింది అంటాను."

"రామ రామ! దిగిందంటే పోయిందని కదండీ అర్థం!"

"ఎందుకు పోతాది? బస్సులోంచి మనిషి దిగితే వచ్చినట్టా, పోయినట్టా?"

నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. ముప్పై రెండేళ్ల సర్వీసు!

"పోనీ, భయపడకు అనాలంటే?"

దీనికి మాత్రం ఆయన ఒకసారి తమ వరండా వైపు చూశారు. "భయం వద్దు అంటాను" అని, చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని లోపలికి వెళ్లిపోయారు.

ఆ వరండాలో కుర్చీలో ఆయన భార్య రహిమున్నీసా గారు కూర్చుని ఉంటారు. కిందటేడు వానల్లో ఆవిడ మేడమెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు, స్క్రూలు బిగించారు. ఎముక అతుక్కుంటోంది, ఇక నడవమన్నాడు డాక్టరు. ఆవిడ నడవలేదు. మంచం నుంచి బాత్రూముకి, బాత్రూము నుంచి కుర్చీకి, వాకర్ పట్టుకుని. అంతకు మించి అడుగు వెయ్యమంటే "మళ్లీ పడితే?" అనేవారు. చెల్లెలి కూతురు ఇఫ్రా నిఖా ఫిబ్రవరిలో అనకాపల్లిలో. ఆ పిల్లకి పాలపళ్లు రాకముందు నుంచి ఎత్తుకు తిప్పిన మనిషి, "నేను రాను. ఆ ఫంక్షన్ హాలుకి పద్దెనిమిది మెట్లున్నాయి" అని ఖరాఖండిగా చెప్పేశారు. మెట్లెన్నో కూడా ఫోన్ చేసి కనుక్కున్నారు!

పీర్ సాహెబ్ గారు ఆవిణ్ణి ఒక్కమాట అనలేదు. అనకపోగా ఒక విమానం తెచ్చారు.

నేను అబద్ధం ఆడటం లేదు. విశాఖలో ఆయన మేనల్లుడు నవాజ్ ఆడి ఆడి విసుగొచ్చి వదిలేసిన రిమోట్ జెట్టు. గట్టి ఫోముతో చేసింది, నిలబెడితే నా నడుమంత ఎత్తు. పొట్టలో ఫ్యాను, ఆ ఫ్యాను ఈలకి వీధి కుక్కలన్నీ చెరుకు గానుగల వైపు పరుగు. అన్నిటికంటే వింత దాని రెక్కలు. రిమోట్ మీద ఒక మీట నొక్కితే బార్లా చాచుకుంటాయి, ఇంకోసారి నొక్కితే గద్ద దూకేముందు ముడుచుకున్నట్టు వెనక్కి ముడుచుకుంటాయి.

"సాచితే నెమ్మది, ముడిస్తే జోరు" అని చెప్పారాయన. "లేచేటప్పుడూ దిగేటప్పుడూ సాచాలి. పైన ముడవాలి."

నలభై ఏళ్లు బస్టాండు దగ్గర మోటార్లకి కాయిల్ చుట్టిన మనిషి కదా, వచ్చినదాన్ని వచ్చినట్టు ఉంచితే మనసు కుదుటపడదు. కుదుట దిగదు, క్షమించాలి. రెక్కని తిప్పే ప్లాస్టిక్ పళ్లచక్రం తీసేసి కుట్టుమిషన్ చక్రం బిగించారు. ఆ చక్రం నుంచి రెక్కకి వెళ్లే కమ్మీ ఊగుతోందని తీసేసి సైకిల్ పుల్ల పెట్టారు. విరిగిన తోకకి చీపురుపుల్లలు కట్టారు. ఎడమరెక్క జారి లోపలికి వెళ్లే సందుకి మూతలాగా నల్లటి అట్టముక్క ఒకటి అతికించారు. అది అట్ట కాదని తర్వాత తెలిసింది.

మా వీధి చోడవరానికి చివర. మా రెండిళ్లూ దాటితే ఖాళీ స్థలం, దాని అవతల పరదేశి చెరుకుతోట. వీధిలో సిమెంటు రోడ్డు మీద విమానం ఉరికి లేచింది. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. ఆకాశంలో రెక్కలు ముడిచి రివ్వున వెళ్లింది, చాచుకుని తిరిగొచ్చింది, చూడముచ్చటగా వంపు తిరిగింది, తిన్నగా వాళ్ల నిమ్మచెట్టులోకి దూరిపోయింది.

"ఓరి నాయనో!" అన్నాను నేను.

"ఏటది! పడిపోనాదా?" కుర్చీలోంచి రహిమున్నీసా గారు.

"పడటం ఏటి బేగం! దిగింది. నిమ్మసెట్టులో దిగింది."

చూశారా, ఆ మాట ఆయన నోట కాదనడానికి తప్ప రాదు.

"నా నిమ్మసెట్టులోనా! ఎన్ని పిందెలు రాలిపోనాయి?"

"నాకేటి తెలుస్తాది? నువ్వే వచ్చి సూసుకో."

ఆవిడ వాకర్ టకటకలాడించుకుంటూ వచ్చారు. చెట్టు కింద నిలబడి పిందె పిందెకీ ఒక తిట్టు చొప్పున తిట్టారు. ఆ తర్వాత కొమ్మలోంచి విమానం లాక్కుని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు, ఎక్కడైనా విరిగితే సంతోషిద్దామని. అంతే, కొయ్యబారిపోయారు. నల్ల అట్టలోంచి ఎండ దూరి తెల్లగా ఒక ఎముక, దాని మీద ప్లేటు, నాలుగు స్క్రూలు కనబడుతున్నాయి.

"ఇది నా తుంటి కాదా?"

"కవరు మీద నీ పేరే ఉన్నాది మరి."

"నా ఎక్స్‌రే కోసేసేవా! నా ఎముకని ఆకాశంలో తిప్పుతన్నావా! రేపు డాక్టరు గారు తెమ్మంటే ఏటి సూపించను?"

"మీట నొక్కుతాను. సాచి సూపిస్తాది."

నేను ఇంట్లోకి పోయి బీపీ మాత్ర వేసుకున్నాను.

ఆ వారంలోనే ఇంకోసారి లేపారు. ఈసారి గేటు దగ్గరున్న నీళ్ల డ్రమ్ములో దిగింది. ఆవిడ గేటు దాకా వచ్చి తిట్టారు. ఆ పై వారం మా పెరట్లో దిగింది. అది మాత్రం నేను జన్మలో మరిచిపోను.

మా ఆవిడ రాజ్యం నులకమంచం మీద పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టి, చేతులు కడుక్కోవడానికి అటు తిరిగింది. ఈలవేసుకుంటూ ఏదో నల్లటిది గోడ మీంచి వచ్చి మంచం మధ్యలో కూలబడింది. వడియాలు ఎగిరి కిటికీకి, తులసికోటకి, రాజ్యం జడకి అంటుకున్నాయి.

"ఓలమ్మో! మిలట్రీ ఇమానం పడిపోనాదండీ! అందులో మనిషున్నాడేమో సూడండీ!"

నిజం చెప్పొద్దూ, నేను కూడా ఒక్క క్షణం మనిషి కోసం చూశాను.

గోడ మీద పీర్ సాహెబ్ గారి తల లేచింది. "గాబరా వద్దు సెల్లెమ్మా. పడలేదు, దిగింది."

"నా వడియాల్లోనా అన్నయ్యా! కట్టపడి పెట్టేనే!"

"కష్టం దిగింది అను సెల్లెమ్మా."

రాజ్యం అట్లకాడ తీసింది. ఇంతలో మా వీధిగుమ్మంలో రహిమున్నీసా గారు. వాకర్ కాదు, చేతికర్ర. మూడు మెట్లూ ఎక్కి, నడవలోంచి పెరట్లోకి వచ్చి, రాజ్యం జడలోంచి వడియాలు ఏరుతూనే మొగుణ్ణి పావుగంట ఏకబిగిన కడిగేశారు. తెలుగులో సరుకైపోతే ఉర్దూ అందుకున్నారు. నేను కుర్చీ వేశాను. "వద్దు అన్నయ్యా, కూకుంటే గొంతు లెగదు" అన్నారు.

మనిషి మా ఇంటి మెట్లెక్కి వచ్చింది, నిలబడి పావుగంట మాట్లాడింది. ముప్పై రెండేళ్లు పిల్లకాయలకి 'గమనించుము' అని చెప్పిన నేను ఏం గమనించానయ్యా అంటే, వడియాలు.

తర్వాత వీధి మలుపులో పైడితల్లి ఇడ్లీ బండి మీద దిగింది. చట్నీ గిన్నెలో ముక్కు, సాంబారులో తోక. అక్కడికీ ఆవిడ కర్ర పోటేసుకుంటూ వెళ్లి తిట్టి, పైడితల్లికి సాయంగా బండి కడిగి వచ్చారు. ఇక నేను ఊరుకోలేకపోయాను.

"సాయిబు గారూ, తప్పుగా అనుకోకండి. మీకు విమానం లేపడం వచ్చు గానీ దింపడం రాదు. ఎవరికైనా ఇచ్చేయండి. వీధిలో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరుగుతున్నాం."

"నేర్సుకుంటన్నాను మాస్టారూ" అన్నారు తల దించుకుని. పాపం, వేలు వణుకుతోందేమో అనుకున్నాను. వయసు మీద పడింది కదా అని జాలిపడ్డాను కూడా.

నాకు షుగరు కూడా ఉంది కాబట్టి పొద్దున్నే నడుస్తాను. మర్నాడు తెల్లవారుతూనే కాలేజీ గ్రౌండు వైపు వెళ్తే ఈల వినిపించింది. మంచులో పీర్ సాహెబ్ గారు ఒక్కరే నిలబడి ఉన్నారు. పైన జెట్టు. నేను గభాలున గోడచాటుకి తప్పుకున్నాను, నెత్తి మీద దిగుతుందేమోనని.

అది చక్కర్లు కొట్టింది. రెక్కలు చాచుకుంది. మెల్లగా, నిదానంగా వంగి, చక్రాలు నేలకి ఆనించి, పరిగెత్తుకుంటూ వచ్చి సరిగ్గా ఆయన చెప్పుల ముందు ఆగింది. ఒక అంగుళం అటూ ఇటూ కాలేదు. మళ్లీ లేపారు. మళ్లీ చెప్పుల ముందే. మూడోసారి కూడా!

అది నిమ్మచెట్టులో దూరినప్పుడు గానీ, వడియాల్లో పడ్డప్పుడు గానీ నేనింత అదిరిపోలేదు. గోడచాటు నుంచి బయటికొచ్చాను.

"సాయిబు గారూ! మీకు దింపడం వచ్చా!"

దొంగతనం చేస్తూ దొరికినవాడిలా బిత్తరపోయారాయన. "మెల్లగా మాస్టారూ. ఎవరికీ సెప్పకండి."

"మరి మా వడియాలు?"

"అరవై అడుగులు మాస్టారూ."

"ఏం అరవై?"

"మా కుర్చీ కాడ్నుంచి నిమ్మసెట్టు పన్నెండు అడుగులు. గేటు పాతిక. మీ పెరడు అరవై, పైన మూడు మెట్లు. ఇడ్లీ బండి నూట యాభై." విమానం ఎత్తుకుని చక్రాల మట్టి దులుపుతూ చెప్పారు. "నడవమంటే నడవదు. బతిమాలేను, కసిరేను, ఏడిసేను కూడా. తిట్టడానికైతే నడుస్తాది. నన్ను దూరం నించి తిడితే దానికి తృప్తుండదు మాస్టారూ. ఎదురుగా నిలబడి తిట్టాలి."

నేను వేళ్లు మడిచి అడుగులు కూడుకున్నాను.

"మరి ఆ మాట... 'పడు' ఎందుకు మానేశారు?"

"ఆస్పత్రి నించి వచ్చిన కొత్తలో గిన్నె పడిందని ఎవరో అన్నారు. అంతే, మంచం కోడు గట్టిగా పట్టేసుకున్నాది. ఆ మాట ఇంటే దాని కాలు ఎనక్కెళ్లిపోతంది. అందుకని ఇంట్లో ఆ మాట తీసేసేను. ఇంట్లో తీసేసి వీధిలో ఉంచితే పొరపాట్న వచ్చేస్తాది కదా, అందుకని మొత్తానికే తీసేసేను."

నేను ఈయనకి వ్యాకరణం చెప్పబోయాను. సిగ్గుపడ్డాను, నిజంగానే.

"ఇంక ఒక్కటే మిగిలింది" అన్నారాయన. "పరదేశి పొలం. నాలుగొందల ఇరవై అడుగులు, సగం దూరం గట్టు. అది నడిసిందంటే పద్దెనిమిది మెట్లు ఒక లెక్కా? నిఖా ఇంకా పది రోజులున్నాది."

"నేనేం చెయ్యాలి?"

"గట్టిగా అరవండి. మీ అరుపుకి అది బేగి వస్తాది."

అరవడం నాకు నేర్పనక్కర్లేదని ఆయన ఉద్దేశం.

ఆ ఆదివారం పొద్దున్న పరదేశి చెరుకుతోట పక్కనే బెల్లం వండుతున్నాడు. పెనంలో పాకం వచ్చాక చల్లారడానికి వెడల్పాటి చెక్కతొట్టిలో పోసి, కలియబెట్టి, చెమట తుడుచుకుంటున్నాడు. పీర్ సాహెబ్ గారు చెరుకు కొట్టేసిన చోట, మెత్తటి ఆకుచెత్త మీద దింపుదామని లెక్క వేసుకున్నారు. వరండాలో ఆవిడ చూస్తున్నారు. జెట్టు లేచింది. రెక్కలు ముడిచింది. తోట మీదుగా తిరిగి దిగడానికి వస్తూ రెక్కలు చాచుకోవాలి.

ఎడమది చాచుకుంది. కుడిది చాచుకోలేదు.

సైకిల్ పుల్ల జారిపోయింది. ఒక రెక్క బార్లా, ఒక రెక్క ముడుచుకుని విమానం గింగిరాలు తిరిగింది. పీర్ సాహెబ్ గారు మీట నొక్కారు, మళ్లీ నొక్కారు, రిమోట్ నెత్తి మీదకి ఎత్తి కూడా నొక్కారు. అది ముక్కు కిందకి పెట్టి సూటిగా పరదేశి బెల్లంతొట్టిలోకి దూకింది. చప్పున ఒక శబ్దం.

"అయ్యో! పడిపోయింది!" అని అరిచారు పీర్ సాహెబ్ గారు.

నేను అరవడం మరిచిపోయాను. ఆ మాట ఆయన నోట అలా విని ఆరు నెలలు దాటింది. ఆయన గట్టు మీద పడుతూ లేస్తూ పరిగెత్తారు, వెనక నేను.

"సాయిబు బాబూ, నా పాకంలో ఏటిది?" పరదేశి తెడ్డు పట్టుకుని నిలబడిపోయాడు. తొట్టిలోంచి తోక మాత్రం పైకి కనిపిస్తోంది, చీపురుపుల్లలతో సహా. "ఇంకో ఐదు నిమిషాల్లో దిమ్మలు కట్టీవోణ్ణి!"

పీర్ సాహెబ్ గారికి అతని మాటలు వినబడలేదు. తొట్టి పక్కన చతికిలబడి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నారు. ఆవిణ్ణి మళ్లీ నడిపించడానికి ఇక ఆయన దగ్గర ఏమీ లేదు. నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను.

"ఏటైపోనాది?"

తిరిగి చూస్తే గట్టు మీద రహిమున్నీసా గారు. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో కొంగు. వెనకాల మా రాజ్యం రొప్పుకుంటూ, "ఆగండి వొదినా, నాకే ఆయాసం వస్తంది" అంటూ. నేను అరవనేలేదు, అయినా వచ్చేశారు. ఈయన అరుపు విని వచ్చారు. నాలుగొందల ఇరవై అడుగులు, సగం గట్టు.

"పడిపోయింది బేగం" అన్నారాయన తలెత్తకుండా. "ఈసారి నిజంగా పడిపోయింది."

ఆ మాట వింటే ఆవిడ కాలు వెనక్కి వెళ్లిపోతుందన్నారు కదా! గట్టు మీద ఉన్నారు. పట్టుకుందామని నేనొక అడుగు ముందుకి వేశాను. ఆవిడ నన్ను కర్రతో పక్కకి జరిపి, దిగి వచ్చి, తొట్టిలోకి వంగి చూశారు.

"ఏటి పడిపోనాది? సరిగ్గా సూడు" అన్నారు. "దిగింది. బెల్లంలో దిగింది."

ఆయన తలెత్తి ఆవిణ్ణి చూశారు. ఆవిడ నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటున్నారు.

"నలభై ఏళ్లు మోటార్లు బిగించిన మనిషికి బొమ్మ దింపడం రాదని నేను నమ్మేననుకున్నావా? ఇడ్లీ బండి కాడే తెలిసిపోనాది. నీ ఇమానం పైడితల్లిని తప్పించుకుని మరీ సట్నీలో దిగింది."

"తెలిసే వచ్చేవా మరి?"

"తెలిస్తే మాత్రం? తిట్టొద్దా?"

"మరి నా బెల్లం?" అన్నాడు పరదేశి, ఎవరూ తనని పట్టించుకోవడం లేదని.

"ఇమానం తగలని సగం నీ దిమ్మలకి. తగిలిన సగం మాకియ్యి పరదేశీ, కరిగించి వడగట్టుకుని వాడుకుంటాం. ఇఫ్రా నిఖాకి మిఠాయి సెయ్యాలి."

"నిఖాకి నువ్వు రానన్నావు కదా!" అన్నారు పీర్ సాహెబ్ గారు.

"ఎవరన్నారు?"

ఇంటికి బండిలో దింపుతానన్నాడు పరదేశి. ఆవిడ ఒప్పుకోలేదు. బెల్లం కారుతున్న విమానాన్ని పీర్ సాహెబ్ గారు పసిబిడ్డలా ఎత్తుకుని నడిచారు, పక్కన ఆవిడ తిడుతూ నడిచారు. దారి పొడుగునా చీమలు వెంటపడ్డాయి.

నిఖాకి మేమూ వెళ్లాం. పద్దెనిమిది మెట్లూ ఎక్కి, పైన నిలబడి, ఆయాసపడుతున్న నన్ను చూసి, "ఏటి మాస్టారు గారూ, సెయ్యి ఇమ్మంటారా?" అన్నారావిడ.

మొన్న ఆవిడ ఆఖరి చెకప్‌కి విశాఖ వెళ్లారు. తిరిగొచ్చేసరికి నేనూ పీర్ సాహెబ్ గారూ వరండాలో కూర్చుని విమానం పొట్టలోంచి ఇంకా బెల్లం గీకుతున్నాం. ఆవిడ ఆటో మలుపులోనే ఆపించి, కర్ర చంకలో పెట్టుకుని, చేతులూపుకుంటూ నడిచి వచ్చారు. ఒక పెద్ద కవరు ఆయన ఒళ్లో పడేశారు.

"ఏటిది?"

"కొత్త ఎక్స్‌రే. ఎముక పూర్తిగా అతుక్కుపోనాదంట. ఇది కుడిరెక్కకి ఎయ్యి. ఆ రెక్కే కదా సాచుకోక సచ్చింది."

పీర్ సాహెబ్ గారు ఆ ఫిల్ము వెలుతురుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశారు. ఆ తర్వాత నా వైపు తిరిగి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని, మాస్టారి దగ్గర పాఠం అప్పజెబుతున్నట్టు అన్నారు.

"సంబరపడ్డాను మాస్టారూ."

"తప్పు సాయిబు గారూ" అన్నాను నేను. "సంబరం దిగింది అనాలి."